లోపలి పొలానికి తొవ్వ

నేను రిటైరైన రోజున మాట్లాడినవాళ్లందరూ నన్ను సమయానికి వచ్చే మనిషి అన్నారు. ఒకరి తర్వాత ఒకరు లేచి అదే మాట. ఇన్నేళ్లు పనిచేసిన మనిషిలో గోడ గడియారానికి లేని గుణం ఒక్కటి కూడా వాళ్లకు కనిపించలేదన్నమాట. శాలువా కూడా కప్పారు. నాకంటే ముందు రిటైరైన వాచ్‌మన్‌కు కప్పిన శాలువా దానికంటే మందం. సరే, పోనీండి. కానీ నా చివరి యాసంగి కోతల్లో నేను రాసిన నాలుగు వాక్యాల ఊసు ఒక్కరూ ఎత్తలేదు. ఇవాళ జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో ఏ రైతు మా సంఘానికి ఫోన్ చేసినా, ఆ నాలుగు వాక్యాలను చూసుకొనే ఏఐ ఏజెంట్ మాట్లాడుతుంది. వాటి సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను.

ఏజెంట్లకు టూల్ డిస్క్రిప్షన్లు రాసే ఉద్యోగాల్లోకి మా జిల్లాల పిల్లలు కూడా వస్తున్నారని విన్నాను. ఇది ముఖ్యంగా వాళ్ల కోసం.

మాది రైతులకు యంత్రాలు అద్దెకిచ్చే సంఘం. ట్రాక్టర్లు, నాట్లు వేసే యంత్రాలు, వరికోత మిషన్లు ఉండేవి. జగిత్యాలలో ఆఫీసు, కోరుట్లలోనూ సిరిసిల్లలోనూ బండ్లు నిలిపే షెడ్లు. నా పని ఫోన్ దగ్గర. రైతు ఫోన్ చేస్తే ఊరు, ఎకరాలు, పొలంలో తడి ఎంత ఉందో అడిగి, ఏ బండి ఏ రోజు ఎటు పోవాలో వరుస కట్టేవాణ్ని. కోతల కాలంలో నా అన్నం చల్లారిపోయేది, చెవి మాత్రం వేడెక్కేది.

అలాంటి నా ఫోన్‌ను ఒక సోమవారం తీసేశారు. ముందుగా చెప్పి తీసేసి ఉంటే నేను ఇంత రాసేవాణ్ని కాదు. నేను వెళ్లేసరికి బల్ల మీద ఫోన్ ఉండే చోట దుమ్ము గీత మాత్రం మిగిలింది. మేనేజర్ నవ్వుతూ వచ్చాడు.

“ఇగ మీకు రెస్టు పెద్దాయనా. ఫోన్ ఏఐ ఏజెంట్ ఎత్తుతది. తెలుగుల మంచిగ మాట్లాడుతది, యాష్టకు రాదు.”

యాష్ట అంటే విసుగు. ఆ మాట అన్నప్పుడు ఆయన నా ముఖం వైపే చూశాడు.

ఏజెంట్‌ను నడపడానికి ఒక అమ్మాయి వచ్చింది. సిరిసిల్ల పిల్ల. తండ్రి మరమగ్గాల మీద పనిచేస్తాడు, ఈమె ఇంజనీరింగ్ చదివింది. జగిత్యాలలో హాస్టల్‌లో ఉంటూ మా ఆఫీసులో కూర్చునేది. మేనేజర్‌ను సార్ అనేది, క్యాషియర్‌ను సార్ అనేది, ఆఖరికి నీళ్ల క్యాన్లు తెచ్చే అతణ్ని కూడా సార్ అనేది. నన్ను మాత్రం అంకుల్ అంది. అయినా ఆ పిల్ల మంచిది. తాను చాయ్ తాగేటప్పుడు నాకూ తెచ్చేది, చక్కెర తక్కువ వేయించి. నాకు షుగర్ ఉందని ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

పని ఎలా ఉంటుందో ఆమే చెప్పింది.

“అంకుల్, ఏజెంట్‌కు మాటలొస్తయి గని చేతులు లెవ్వు. బండి ఖాళీగ ఉన్నదా చూసుడు, బుక్ చేసుడు, తారీకు మార్చుడు, గీ టూల్సే దాని చేతులు. ఏ టూల్ ఏం చేస్తదో, ఎప్పుడు వాడాలెనో మనం పక్కకు రాసిపెడుతం. గదాన్నే టూల్ డిస్క్రిప్షన్ అంటరు. దానికి మీ పొలం కనవడది, మీ రైతు కనవడడు. మనం రాసిందే కనవడుతది.”

బుక్ చేసే టూల్‌కు అప్పటికి రాసి ఉన్నది ఒకే ఒక్క ముక్క: కోత మిషన్‌ను బుక్ చేస్తుంది. నేను దాన్ని చదివి నవ్వాను. “గింతేనా? నేను ఇన్నేండ్లు చేసిన పని గింతేనా?” అన్నాను. “అందుకే గదా మీ దగ్గరికి వచ్చిన,” అంది. ఆ మాట మాత్రం నాకు నచ్చింది.

ఆదివారం ఇంట్లో కూర్చొని రాశాను. నాకు తెలిసిందంతా రాశాను. కరెంటు తీగలు కిందికి వేలాడే పొలాలుంటాయి, జాగ్రత్త. ఎకరాలు తక్కువ చేసి చెప్పే ఊళ్లున్నాయి, నమ్మకూడదు. డ్రైవర్‌కు చాయ్ కూడా పోయని ఇళ్లున్నాయి, గుర్తుపెట్టుకోవాలి. పేజీల మీద పేజీలు అయ్యాయి. ఆ పిల్ల దాన్నంతా ఉన్నదున్నట్టు టూల్ పక్కన ఎక్కించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, తానే రైతులా ఫోన్ చేసింది.

“నమస్తే, మాది మల్యాల దగ్గర. మూడెకరాలు కోయాలె.”

ఏజెంట్ ఆడగొంతుతో, ఎంతో మర్యాదగా మాట్లాడింది. “నమస్తే అమ్మా. కొన్ని ఊళ్లలో ఎకరాలు తక్కువ చేసి చెబుతారని నా దగ్గర సమాచారం ఉంది. మీవి నిజంగా మూడెకరాలేనా?”

పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. “నిజంగనే మూడే.”

“ధన్యవాదాలు. మా డ్రైవర్‌కు చాయ్ పోస్తారా?”

అంతే. ఆమె ఫోన్ బల్ల మీద పడేసి, కడుపు పట్టుకొని నవ్వింది. క్యాషియర్ లేచి వచ్చాడు. మేనేజర్ గదిలోంచి వచ్చి మళ్లీ ఫోన్ చేయించి విన్నాడు. తర్వాత కోరుట్ల షెడ్డుకు ఫోన్ కలిపి వాళ్లకూ వినిపించాడు.

“అంకుల్, ఇది టూల్ డిస్క్రిప్షన్ గాదు,” అంది కళ్లు తుడుచుకుంటూ. “మీ కడుపుల ఉన్న కచ్చలన్నీ రాసిండ్రు.”

“పెద్దాయన పురాణం రాసిండు,” అన్నాడు మేనేజర్. “దీన్ని పోస్టుకార్డు జేయి బిడ్డా.”

పురాణం అన్నాడు. సరే. చాయ్ ముక్క తీసేయాల్సిందేనని నేను కూడా ఒప్పుకున్నాను. ఏజెంట్ ముందు ఏది పెడితే దాన్ని అది అడుగుతుంది, చేస్తుంది. దానికి పనికివచ్చేది ఏదో, మన గుండె బరువు దించుకోవడానికి రాసుకున్నది ఏదో అది విడదీసుకోలేదు. మీరు కూడా రాసేటప్పుడు ఇది చూసుకోండి.

ఆ పిల్ల నా పేజీలను ఆరు వరుసలకు కుదించింది. అందులో ఒక వరుస ఇలా ఉంది: అవసరమైతే దారి గురించి అడగాలి.

ఇక్కడ మా పొలాల సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు పొలాలు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. రోడ్డు పక్క పొలానికి మిషన్ నేరుగా దిగుతుంది. దాని వెనక ఉన్న లోపలి పొలానికి దారి ఉండదు. ముందు పొలం కోత అయితే ఆ మోళ్ల మీదుగా మిషన్ లోపలికి పోతుంది. ముందు పొలం ఇంకా పండకపోతే, లోపలి పొలం వాళ్లు ఆగాలి. ఆగలేకపోతే ముందు పొలం వాళ్ల ఇంటికి పోయి తొవ్వ అడగాలి. వాళ్లు సరేనంటే ఒక పక్కన మిషన్ పట్టేంత మేర కొడవళ్లతో కోసి దారి చేస్తారు. నేను ఫోన్ ఎత్తిన రోజుల్లో, ఊరి పేరు అడిగిన వెంటనే “తొవ్వ ఎవలది? అడిగినవా?” అనేవాణ్ని. అది నాకు నమస్తే లాగా నోటికి వచ్చేసింది.

ఆ వరుసలో ‘అవసరమైతే’ అన్న మాట ఆ పిల్ల పెట్టిందని నేనంటాను. నా మూడో పేజీలో ‘ఒక్కోసారి దారి కూడా చూసుకోవాలి’ అని ఉందని, తాను దాన్నే చిన్నగా చేశానని ఆమె అంటుంది. ఈ తగవు ఇంకా తెగలేదు.

కోతలు మొదలయ్యాయి. నా పని ఏజెంట్ పక్కన కూర్చొని మాటలు వినడం. అది ఎక్కడ తప్పు చేస్తుందా అని రోజంతా చెవి పెట్టి కూర్చున్నాను. చేయలేదు. ముసలివాళ్లు చెప్పిందే చెప్పినా ఓపికగా విన్నది. ఒకరి తారీకు ఇంకొకరికి ఇవ్వలేదు. రైతులు దానికి ‘ఫోన్ పిల్ల’ అని పేరు పెట్టుకున్నారు. నాకు ఇన్నేళ్లలో ఎవరూ ఏ పేరూ పెట్టలేదు, పెట్టినా నా ముందు అనలేదు.

ఒకరోజు పొద్దున కోరుట్ల డ్రైవర్ నా సొంత ఫోన్‌కు చేశాడు. చాలాకాలంగా తెలిసినవాడు. మిషన్ తీసుకొని వెల్గటూర్ దగ్గరి ఒక ఊరికి పోయాడు.

“సారూ, బండి వచ్చింది. పొలం గూడ కనవడుతుంది. పోయే తొవ్వే లేదు.”

“తొవ్వ లేకుంటే ఎట్ల బుక్కయింది?”

“అది నన్నడిగితే నేనేం జెప్పాలె? ముందు పొలం ఇంక పచ్చిగనే ఉన్నది. ఆ పొలం అవ్వ వచ్చి బండి ముందట కూసున్నది. మీదికెళ్లి మొగులైతుంది, వానొచ్చేటట్టున్నది. జల్ది ఏదన్న జెప్పుండ్రి.”

అతని చేతిలోంచి ఎవరో ఫోన్ లాక్కున్నారు. లోపలి పొలం ఆమె. భర్త మస్కట్‌లో పని చేస్తున్నాడు, ఇక్కడి సేద్యమంతా ఆమె ఒక్కతే చూసుకుంటోంది. నాలుగెకరాల వరి పండి తలలు వాల్చింది. ఆ ఇంటికి ఆ యాసంగిలో ఉన్న పంట అదొక్కటే. వాన పడితే వరి పడిపోతుంది, బురదలో గింజ మొలకెత్తుతుంది. మిషన్ మరునాడు గంభీరావుపేట వైపు పోవాలి, అక్కడా రైతులు వరుసలో ఉన్నారు. అంటే కోస్తే ఆ రోజే కోయాలి.

“సారూ, మీ ఫోన్ పిల్ల ఊరడిగింది, ఎకరాలడిగింది, పొలం ఆరిందా అనడిగింది. ‘మీ కోత ఖాయమైంది’ అన్నది. ఖాయమైందంటే తొవ్వ గూడ మీరే జూసుకుంటరనుకున్న,” అంది. ఆమె గొంతులో ఏడుపు ఉంది, కోపం కూడా ఉంది.

నేను మేనేజర్ దగ్గరికి పోయి జీపు అడిగాను. ఇక్కడి నుంచే ఫోన్‌లో మాట్లాడి తేల్చలేరా అన్నాడు. తేల్చలేనన్నాను. సిరిసిల్ల పిల్ల అప్పటికే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకొని గుమ్మం దగ్గర నిలబడింది.

దారిలో ఆమె ఆ రైతుతో ఏజెంట్ మాట్లాడిన మాటలన్నీ తీసి చూసింది. టూల్ నుంచి ‘బుక్ అయింది’ అని జవాబు వచ్చింది. దాన్ని ఏజెంట్ ‘కోత ఖాయమైంది’ అని చెప్పింది. టూల్ ఇచ్చే జవాబుకు అర్థం ఎంతవరకో మేము ఎక్కడా రాయలేదు. బండి బయలుదేరుతుందనడానికీ, వరి కోత అవుతుందనడానికీ మధ్య ఎంత ఉందో మాకు తెలుసు. దానికి ఎవరు చెప్పారు?

“తొవ్వ అడగలేదేంది?” అన్నాను.

“అవసరమైతే అడుగుమన్నం గదా. ఆమె తొవ్వ ముచ్చట ఎత్తలే. ఎత్తకుంటే అవసరం లేదనుకున్నది.”

“అవసరమైతే అని రాసిందెవరు?”

“ఒక్కోసారి అని రాసిందెవరు అంకుల్?”

వెల్గటూర్ దాకా ఇదే. జీపు నడిపే అతను మధ్యలో, “నేను దిగిపోత, మీరే నడుపుకోండ్రి,” అన్నాడు.

మేము వెళ్లేసరికి మిషన్ రోడ్డు మీద ఆగి ఉంది. దాని ముందు గడ్డి మోపు వేసుకొని, ఒడిలో కొడవలి పెట్టుకొని ముందు పొలం అవ్వ కూర్చుంది. కల్లు గీసే ఇంటి మనిషి. ఆమె ముసలాయన తాటిచెట్లు ఎక్కడం మానేసి ఇంటిపట్టునే ఉంటున్నాడు. లోపలి పొలం ఆమె కొంచెం దూరంలో తల మీద చేతులు పెట్టుకొని నిలబడింది. గోదావరి వైపు ఆకాశం నల్లబడుతోంది.

“ఏంది తమ్మీ, నువ్వేనా పెద్ద సారువు?” అంది అవ్వ.

“పెద్ద సారును గాదవ్వా. ఫోన్ దగ్గరుండేటోణ్ని.”

“అయితే నువ్వన్న చెప్పు. మిషన్ వచ్చి నా పొలం మొగదల నిలవడ్డది. నన్నడిగినోళ్లు లేరు. నేను మనిషిని గానా?”

లోపలి పొలం ఆమె ముందుకు వచ్చింది. “అడుగుదామనే అనుకున్న పెద్దమ్మా. మిషనోళ్లే చెప్తరేమో అని...”

“మిషనోళ్లకు నేనేమైత? ఏం గాను. నీకు పెద్దమ్మనైత,” అంది అవ్వ. మళ్లీ నా వైపు తిరిగింది. “తొవ్వ కోసం గాదు తమ్మీ. కిందటేడు వీళ్లు కొత్తిల్లు కట్టుకున్నరు. ఊరందరికీ బొట్టు పెట్టి పిలిచిండ్రు. నాకు ఫోన్ జేసిండ్రు. గోడకు గోడ ఆనుకొని ఉన్న నాకు ఫోన్! ఫోన్ల పిలిచింది గూడ ఒక పిలుపేనా?”

నేను గడ్డి మోపు మీద ఆమె పక్కన కూర్చున్నాను. నాకు ఆ మాట సూటిగా తగిలింది. “మా అక్క కొడుకు పెండ్లికి నాకు కార్డు వేరేటోళ్ల చేత పంపిండ్రవ్వా. మేనమామను నేను. పెండ్లికి పోయిన, అక్షింతలు ఏసిన, ముద్ద ముట్టలే.”

“మంచిపని జేసినవ్,” అంది అవ్వ. “నేను వీళ్లింటి దిక్కే చూడలే.”

“మా ఆఫీసుల గూడ గట్లనే. నా ఫోన్ నాకు చెప్పకుంటనే తీసిండ్రు.”

“చెప్పకుంటనే?”

“చెప్పకుంటనే.”

ఆమె నాలుక చప్పరించింది. కాలువ నీళ్ల తగవు చెప్పింది, గెట్టు రాయి జరిపిన సంగతి చెప్పింది, ఎవరో పండుగకు పెట్టిన చీర రంగు గురించి చెప్పింది. నేను వింటూ కూర్చున్నాను. సిరిసిల్ల పిల్ల నా భుజం గోకింది.

“కాకా, వానొస్తది.”

అంకుల్ కాదు, కాకా అంది, సొంత బాబాయిని పిలిచినట్టు. మొదటిసారి. నేను చెయ్యి ఊపి ఆగమన్నాను. బాధ చెప్పుకుంటున్న మనిషి దగ్గరి నుంచి మధ్యలో లేచిపోతే అది ఇంకో బాధ అవుతుంది. ఈ విషయం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

మేము మాట్లాడుతుండగానే లోపలి పొలం ఆమె స్కూటీ ఎక్కి ఊళ్లోకి పోయింది. అలిగి పోయిందనుకున్నాను. అంతలోనే తిరిగి వచ్చింది. చేతిలో కుంకుమ భరిణె. మట్టి కాళ్లతోనే వచ్చి అవ్వ ముందు వంగి, నుదుట బొట్టు పెట్టింది.

“పెద్దమ్మా, ఇయ్యాల నా పొలం కోత. రావాలె.”

కోతకు బొట్టు పెట్టి పిలవడం నేను ఎక్కడా చూడలేదు. అవ్వ కూడా చూసి ఉండదు. చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“ఇప్పుడడుగు,” అంది.

“తొవ్వ ఇయ్యే పెద్దమ్మా.”

“ఇయ్యకుంటే ఎటు పోతవే నువ్వు?” అని కొడవలి పట్టుకొని లేచింది. మేము కోస్తామంటే ఒప్పుకోలేదు. “మీరు వంకర కోస్తరు. నా వరి నేనే కోస్త, మీరు నా ఎనక రాండ్రి.”

గెట్టు వెంబడి, మిషన్ పట్టేంత వెడల్పున కోసుకుంటూ పోయింది. ఆ వెనక లోపలి పొలం ఆమె, డ్రైవర్, నేను. సిరిసిల్ల పిల్ల కూడా కొడవలి పట్టింది.

“ఎట్ల పడుతున్నవ్ బిడ్డా, చీపురు పట్టినట్టు!” అంది అవ్వ.

“మాది సాంచెల ఇల్లు అవ్వా, మరమగ్గాలు. దారం తెంపుడే తెలుసు.”

“అయితే దారమనుకొనే తెంపు.”

కోసిన పచ్చి వరిని బర్రెలకు వేయడానికి అవ్వ పక్కకు పేర్పించింది. ఒక్క కంకి కూడా తొక్కనివ్వలేదు. మిషన్ ఆ దారిలో మెల్లగా పోయి లోపలి పొలంలో దిగింది. అది మొదటి చాలు తీసుకొని గింజ ట్రాలీలో పోసినప్పుడు లోపలి పొలం ఆమె కింద కూర్చొని ఆ వడ్లలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది.

నేనూ ఆ పిల్లా జీపులో కూర్చున్నాం. ఆమె ల్యాప్‌టాప్ తీసింది. నేను నా ధోరణిలో చెప్పడం మొదలుపెట్టాను: ముందు పొలం ఉంటే అడగాలి, పచ్చిగా ఉంటే ఆగాలి, గెట్టు తగవులు ఉంటే... ఆమె రాయడం ఆపి నా వైపు చూసింది.

“కాకా, నువ్వు ఇన్నేండ్లు తొవ్వ ఎందుకడిగినవ్?”

“బండి పోతదా లేదా తెల్వాలె గదా.”

“గదొక్కటే గాదు. నువ్వు ‘అడిగినవా’ అంటే వాళ్లు ఫోన్ పెట్టేసి ఏం జేసేటోళ్లు?”

“పోయి అడిగేటోళ్లు.”

“మరి! నువ్వు అడిగి వాళ్లను ఆ ఇంటికి పంపేటోనివి. మేము నీ మాటల నుంచి ఒక సమాచారం తీసుకున్నం గని, వాళ్లను పంపుడు తీసుకోలే. రేపు ఏజెంటే అవ్వకు ఫోన్ జేసి తొవ్వ అడిగేటట్టు ఒక టూల్ పెడుదామని మేనేజర్ సార్ అనుకుంటుండు. గట్ల పెడితే ఏమైతది?”

ఏమవుతుందో మిషన్ ముందు కూర్చున్న అవ్వ చెప్పనే చెప్పింది: అది ఇంకో ఫోన్ పిలుపు అవుతుంది. ఆ కుర్చీలో నేను చేసిన పని ఏమిటో, ఆ కుర్చీ పోయాక, నిన్నమొన్న వచ్చిన పిల్ల చెబితే తెలిసింది. దీనికి సంతోషపడాలో కోపం తెచ్చుకోవాలో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, నా గురించి ఎవరైనా అంత శ్రద్ధగా ఆలోచించడం అదే మొదలు.

ఇద్దరం కూర్చొని దారి గురించిన పాత వరుసను కొట్టేసి, దాని చోట నాలుగు వాక్యాలు రాశాం. ‘ఈ టూల్ మిషన్‌ను ఊరికి పంపుతుంది, కోత పూర్తవుతుందని హామీ ఇవ్వదు, కాబట్టి మిషన్ వస్తుందని మాత్రమే చెప్పాలి. బుక్ చేసే ముందు, మిషన్ ఎవరి పొలం మీదుగా రావాలో ప్రతి రైతునూ అడగాలి. వేరేవాళ్ల పొలం మీదుగా అయితే, రైతు స్వయంగా వాళ్లను కలిసి ఒప్పించుకున్నానని చెప్పేదాకా ఈ టూల్ వాడకూడదు. ఆ అనుమతిని ఏజెంట్ ఫోన్‌లో అడగకూడదు, ఎందుకంటే ఇక్కడ తొవ్వ ఇచ్చేది మనుషులు ఇంటికి వచ్చి అడిగినప్పుడే.’

చివరి కారణం అవసరమా అన్నాను, నా పురాణాన్ని కోసిన మనిషి కదా అని ఎత్తిపొడుస్తూ. ఆమె ఉంచాలంది. కారణం తెలిస్తే, మనం రాయని సందర్భం వచ్చినా ఏజెంట్ దాన్నిబట్టి నడుచుకుంటుందట. కచ్చ వేరు, కారణం వేరు అంది. నేను ఇన్ని పేజీలు రాసి చెప్పలేకపోయిన తేడా అది. పిల్లలూ, ఇది మాత్రం రాసిపెట్టుకోండి. ‘అవసరమైతే’, ‘ఒక్కోసారి’, ‘వీలును బట్టి’ అనే మాటలు మన ఊరి మనిషికి సరిపోతాయి, ఎందుకంటే మిగతాది అతని తలలో ఉంటుంది. ఏజెంట్ తలలో మీ ఊరు ఉండదు. ఎప్పుడు వాడాలో ఎంత స్పష్టంగా రాస్తారో, ఎప్పుడు వాడకూడదో అంత స్పష్టంగా రాయండి.

చివరి మడి మిగిలి ఉండగా చినుకులు మొదలయ్యాయి. డ్రైవర్ బండి ఆపలేదు. ట్రాలీ మీద టార్పాలిన్ ఒక కొస అవ్వ పట్టుకుంది, ఇంకో కొస లోపలి పొలం ఆమె పట్టుకుంది. గాలికి అది ఎగిరిపోతుంటే ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ లాగి కట్టారు. ఆఖరి చాలు అయ్యేసరికి వాన గట్టిగా పట్టుకుంది. మిషన్ మళ్లీ అదే దారిలో బయటికి వచ్చింది. అవ్వ కోసిచ్చిన మేరంతా బురద బురద అయింది. అవ్వ దాన్ని ఒకసారి చూసి, కొంగు తల మీద కప్పుకొని జీపు వైపు నడిచింది.

అందరం తడిసి జీపులో ఇరుక్కున్నాం. అవ్వ ల్యాప్‌టాప్ వైపు చూసి, “ఏం రాస్తుండ్రు గంత సేపటి నుంచి?” అంది.

“మా ఫోన్ పిల్లకు బుద్ధి చెప్తున్నమవ్వా,” అంది సిరిసిల్ల పిల్ల.

“ఏదీ, నాకు కలుపు. నా వరి గూడ వారం పది రోజుల్ల కోతకొస్తది. బుక్ చేసుకుంట.”

సిరిసిల్ల పిల్ల కొత్త వాక్యాలను టూల్ పక్కన ఎక్కించి, ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది. అవ్వ ఫోన్‌ను నోటి దగ్గర అద్దంలా పట్టుకొని ఊరు చెప్పింది, ఎకరాలు చెప్పింది.

“అమ్మా, మీ పొలానికి మిషన్ ఎవరి పొలం మీదుగా రావాలి?” అంది ఏజెంట్.

అవ్వ మా అందరి ముఖాలూ చూసింది. “ఎవల పొలం మీదికెళ్లీ రాదు. రోడ్డు పక్కకే ఉన్నది. నా పొలమే తొవ్వ.”

“మంచిదమ్మా. అయితే మీరు ఎవరినీ అడగాల్సిన పని లేదు.”

“నేనెవల్నీ అడుగ. నన్నే అడగాలె,” అంది అవ్వ. లోపలి పొలం ఆమె నవ్వు ఆపుకోలేక అవ్వ భుజం మీద తల పెట్టింది. అవ్వ ఆ తలను తోసేయలేదు.

ఏజెంట్ తారీకు చెప్పి, మిషన్ వస్తుందని మాత్రమే అంది. కోత ఖాయమని అనలేదు. అవ్వ ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ సిరిసిల్ల పిల్లతో, “మంచిగనే అడిగింది బిడ్డా. అప్పట్ల మేము ఫోన్ జేస్తే ఒకడు ఎత్తేటోడు, కస్సుమనేటోడు. గాడు పోయినట్టున్నడు, పీడ వోయింది,” అంది.

ఫోన్ దగ్గరుండేవాణ్ని నేనేనని చెప్పింది మరిచి అందో, గుర్తుండే అందో తెలియదు. జీపులో ఎవరూ నా వైపు చూడలేదు. అందరి భుజాలూ ఊగుతున్నాయి. జీపు నడిపే అతను కిటికీలోంచి తల బయటపెట్టి వానలో నవ్వాడు. ట్రాలీలో టార్పాలిన్ కింద లోపలి పొలం వడ్లు పొడిగా ఉన్నాయి. అందుకని ఆ మాటను నేను పట్టించుకోలేదు. పట్టించుకోలేదు గానీ, గుర్తుంది.